నష్టాన్ని దేనితో కొలవాలి? కోవిడ్ కాలంలో అమెరికా రైతులకు అందిన ప్రభుత్వ చెల్లింపులు

విపత్తు సంభవించినప్పుడు ప్రభుత్వం రైతులకు ఎంత సొమ్ము ఇచ్చిందన్న విషయంపై విస్తృతంగా చర్చ జరుగుతుంది. ఆ సొమ్మును ఏ కొలమానంతో పంచారన్న విషయం మాత్రం సాధారణంగా ఉత్తర్వుల అనుబంధాలలోనే ఉండిపోతుంది. ఎకరానికి ఇంత, పశువుకు ఇంత, క్వింటాలుకు ఇంత అని నిర్ణయించిన నాడే ఎవరికి సాయం అందుతుందో, ఎవరికి అందదో చాలావరకు తేలిపోతుంది. ఈ అంశాన్ని నిశితంగా అధ్యయనం చేయదలచిన విస్తరణ శాస్త్రవేత్తలకు 2020–21లో అమెరికా అమలుచేసిన చెల్లింపులకు మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. రెండేళ్ల లోపే ఆ ప్రభుత్వం ఒకే నష్టాన్ని పలు రకాల కొలతలతో కొలిచింది. కొలత మారిన ప్రతిసారీ అంతవరకు లెక్కలో లేని రైతులు కొందరు లెక్కలోకి వచ్చారు.

మార్కెట్ తెగిపోయిన వసంతం

అమెరికాలో వ్యవసాయోత్పత్తులు వినియోగదారుని రెండు దారులలో చేరుతాయి. దుకాణాలకు వెళ్లేది ఒక దారి. హోటళ్లు, పాఠశాలలు, కార్యాలయ క్యాంటీన్లకు వెళ్లేది మరొక దారి. 2020 మార్చిలో రెండవ దారి ఒక్కసారిగా మూసుకుపోయింది. పాఠశాలల కోసం చిన్న పాల డబ్బాలను నింపే యంత్రాలతో ఇంటికి కావలసిన గ్యాలన్ సీసాలను నింపడం సాధ్యం కాదు. ఫలితంగా ఒకవైపు దుకాణాలలో పాలకు కొరత ఏర్పడగా, మరొకవైపు పాడి క్షేత్రాలలో పాలను పారబోశారు. ఏప్రిల్ తొలి రోజులలో దేశవ్యాప్తంగా రోజుకు 37 లక్షల గ్యాలన్ల వరకు, అంటే దాదాపు 1.4 కోట్ల లీటర్ల పాలు వృథా అవుతున్నాయని అక్కడి అతిపెద్ద పాడి సహకార సంస్థ అయిన డెయిరీ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా అంచనా వేసింది.

మాంసం విషయంలో సమస్య కర్మాగారాల వద్ద మొదలైంది. దక్షిణ డకోటాలోని సూ ఫాల్స్‌లో దేశపు పంది మాంసంలో నాలుగైదు శాతాన్ని ఉత్పత్తి చేసే కర్మాగారం కార్మికులకు వ్యాధి సోకడంతో ఏప్రిల్ మధ్యలో మూతపడింది. కొలరాడోలోని గ్రీలీలో, అయోవాలోని వాటర్‌లూలో కూడా అదే జరిగింది. ఒక దశలో దేశంలో పశువులను, పందులను వధించే సామర్థ్యం అంతకు ముందు సంవత్సరంతో పోలిస్తే దాదాపు 40 శాతం తగ్గింది. అమ్మకపు బరువుకు వచ్చిన పందిని వాయిదా వేసి ఉంచుకోవడం కష్టం; షెడ్డులో వెనుక మరొక బ్యాచ్ సిద్ధంగా ఉంటుంది. కొందరు రైతులు పందులను తామే చంపి పూడ్చవలసి వచ్చింది.

స్థానికంగా అమ్ముకునే చిన్న రైతుల పరిస్థితి మాత్రం ఒకే తీరుగా లేదు. హోటళ్లనే నమ్ముకున్న ఆకుకూరల రైతు ఒక్క వారంలో కొనుగోలుదారులందరినీ కోల్పోయాడు. సీజనుకు ముందే సభ్యుల నుండి వాటా సొమ్ము తీసుకొని వారం వారం కూరగాయల బుట్ట అందించే రైతు వద్దకు కొత్త సభ్యులు వరుస కట్టారు. పశువును కోయించి మాంసాన్ని నేరుగా కుటుంబాలకు అమ్మే రాంచ్ యజమానికి గిరాకీ పెరిగింది గాని, స్థానిక చిన్న వధశాలలో మరుసటి సంవత్సరం వరకు ఖాళీ దొరకలేదు. (విశాలమైన పచ్చిక బీళ్లపై మాంసపు పశువులను మేపే క్షేత్రాన్ని అక్కడ రాంచ్ అంటారు, మన వద్ద దానికి సమానమైనది లేదు కనుక ఆ పదాన్నే వాడుతున్నాను.) సంక్షోభం ఒకటే అయినా ఈ ముగ్గురి నష్టాలను ఒకే కొలబద్దతో కొలవడం సాధ్యం కాదు. తొలి విడత పథకం సరిగా అదే చేయబోయింది.

రెండు చట్టాలు, రెండు సంచులు

2020 మార్చి 27న అమలులోకి వచ్చిన కేర్స్ చట్టం వ్యవసాయ శాఖకు 950 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ సొమ్ము ఎవరికి ఉద్దేశించినదో చెబుతూ చట్టం పండ్లు, కూరగాయల రైతులను, పాడితో సహా పశుపోషకులను, రైతు బజార్లు, రెస్టారెంట్లు, పాఠశాలల వంటి స్థానిక ఆహార వ్యవస్థలకు సరఫరా చేసేవారిని ప్రత్యేకంగా పేర్కొంది. దీనికి ధరల మద్దతు కార్యక్రమాలకు నిధులు సమకూర్చే కమోడిటీ క్రెడిట్ కార్పొరేషన్ నుండి మరో 650 కోట్లు చేర్చి, మొత్తం 1,600 కోట్ల డాలర్లతో కొరోనావైరస్ ఫుడ్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ పేరిట నేరు చెల్లింపుల పథకాన్ని ఏప్రిల్ 17న ప్రకటించారు. మరో 300 కోట్లు ఆహార పదార్థాలు కొని పేదలకు పంచడానికి. దరఖాస్తులు మే 26న మొదలయ్యాయి.

అర్హతకు మూలసూత్రం ధర పతనం. జనవరి మధ్య నుండి ఏప్రిల్ మధ్య వరకు జాతీయస్థాయిలో ధర 5 శాతం లేదా అంతకు మించి తగ్గిన సరుకులకే ధర నష్టం కింద చెల్లింపు. వ్యక్తికి గరిష్ఠ పరిమితి 2,50,000 డాలర్లు. క్షేత్రంలో చురుకుగా పనిచేసే భాగస్వాములు ముగ్గురున్న సంస్థకు 7,50,000. ఈ పరిమితి పెద్దవారిని ఎంతవరకు కట్టడి చేసిందో పాడి ఉదాహరణతో చూడవచ్చు. తొలి త్రైమాసికపు ఉత్పత్తిపై రెండు భాగాలు కలిపి ప్రతి వంద పౌండ్ల (సుమారు 45 కిలోల) పాలకు దాదాపు 6.20 డాలర్లు వచ్చాయి. ఆవుకు త్రైమాసికానికి 60 వందల పౌండ్ల పాలు అనుకుంటే వంద ఆవుల క్షేత్రానికి సుమారు 37,200 డాలర్లు. సుమారు 670 ఆవులు దాటిన ఏకవ్యక్తి క్షేత్రం పరిమితిని తాకుతుంది. వేల ఆవులున్న క్షేత్రాలకు ఇది తక్కువే. అయితే వంద ఆవుల రైతుకు ఆ వసంతంలో ఆ మొత్తం క్షేత్రాన్ని నిలబెట్టుకోవడానికి ఎంతో ఉపయోగపడి ఉండాలి.

పశువుల విషయంలో పథకపు నిర్మాణ లోపం స్పష్టంగా కనిపిస్తుంది. నిధులు రెండు సంచుల నుండి వచ్చాయి కనుక చెల్లింపు రేట్లు కూడా రెండయ్యాయి. కేర్స్ చట్టపు సొమ్ము అప్పటికే జరిగిన ధర నష్టానికి. కార్పొరేషన్ సొమ్ము ఆపై కొనసాగే మార్కెట్ అవరోధానికి. జనవరి 15–ఏప్రిల్ 15 మధ్య అమ్మిన, పూర్తిగా మేపిన పశువుకు 214 డాలర్లు. ఏప్రిల్ 16–మే 14 మధ్య మందలో ఉన్న పశువుకు, అది ఏ రకమైనదైనా, 33 డాలర్లు. ఏప్రిల్ 14న పశువును అమ్మిన రైతుకూ, కర్మాగారం తీసుకోక పోవడంతో ఏప్రిల్ 20న ఇంకా మేపుతూనే ఉన్న రైతుకూ మధ్య తేడా 181 డాలర్లు. వాస్తవానికి కర్మాగారాలు మూతపడి అమ్మకం స్తంభించింది ఏప్రిల్ మధ్య తర్వాతనే. అమ్ముకోగలిగినవానికి ఎక్కువ, అమ్ముకోలేకపోయినవానికి తక్కువ అన్నమాట.

ఇది రాంచ్‌లకు మరింత ప్రతికూలంగా పరిణమించింది. రాంచ్ యజమాని తల్లి ఆవులను పోషించి, వసంతంలో పుట్టిన దూడలను సాధారణంగా శరత్కాలంలో అమ్ముతాడు. ఏప్రిల్ లోపు అతడు అమ్మేది పెద్దగా ఉండదు. ఒక లెక్క వేద్దాం. ఆవులు, ఆబోతులు కలిపి 160, దూడలు 140, మొత్తం 300 పశువులున్న రాంచ్‌కు తలకు 33 చొప్పున 9,900 డాలర్లు. అదే 300 మేపిన పశువులను ఏప్రిల్ 15 లోపు అమ్మిన ఫీడ్‌లాట్‌కు 64,200. ఫీడ్‌లాట్ పెట్టుబడి ఎక్కువ, ఆ నాటికి దాని నష్టం కూడా నిజమే. నేను దానిని తక్కువ చేయడం లేదు. అయితే ధర పడిపోతే ఫీడ్‌లాట్ దూడలను తక్కువకే కొంటుంది, ఆ భారం ఆరు నెలల తర్వాత రాంచ్‌పై పడుతుంది. తేదీల మధ్య గీసిన గీత ఈ కాలవ్యవధిని చూడలేదు.

సెప్టెంబరు 17న ప్రకటించిన రెండవ విడతలో తేదీల గీతను తొలగించి, ఏప్రిల్ 16–ఆగస్టు 31 మధ్య రైతు ఎంచుకున్న ఒక రోజున ఉన్న మందకు తలకు 55 డాలర్లు నిర్ణయించారు. కాని ఈసారి సంతతి కోసం ఉంచుకునే పశువులను మినహాయించారు. పై రాంచ్‌కు 140 దూడలపై 7,700 మాత్రమే. మొదటి విడతలో మందలో ఉండిపోయిన పశువులకు అదనపు మొత్తాన్ని 2021లో కొత్త ప్రభుత్వం చెల్లించింది: మేపిన పశువుకు 63 డాలర్లు, 600 పౌండ్లలోపు దూడకు 7 డాలర్లు. దిద్దుబాటులో కూడా దూడ వాటా ఏడు డాలర్లే!

నలభై పంటల రైతుకు ఒకటే ప్రశ్న

కూరగాయల విషయంలో మొదటి విడత కొలత పౌండు. రైతు ప్రతి పంటకూ వేర్వేరుగా మూడు లెక్కలు చూపాలి: ధర తగ్గిన కాలంలో అమ్మినది ఎంత, పంపిన తర్వాత చెడిపోయి డబ్బు రానిది ఎంత, పొలంలోనే వదిలేసినది ఎంత. ధర పతనాన్ని నిర్ధారించింది పెద్ద టోకు మార్కెట్ల ధరలతో. రెస్టారెంటుకు టోకు ధరకు రెండింతలకు అమ్మే రైతు నష్టపోయింది ధర తగ్గడం వల్ల కాదు, కొనేవాడే లేకపోవడం వల్ల. ఐదెకరాలలో నలభై రకాల కూరగాయలు పండించే రైతు నలభై పంటలకు పౌండ్ల లెక్క వ్రాయడం ఎంత కష్టమో, మన పందిరి కూరగాయల రైతుల వద్ద ఖర్చుల వివరాలు సేకరించిన విద్యార్థులెవరికైనా తెలుసు. చట్టం పేరుపెట్టి పేర్కొన్న స్థానిక రైతులకే పథకపు కొలత ఇమడలేదు.

రెండవ విడతలో ఈ చిక్కును ఎంతో సరళంగా పరిష్కరించారు. పౌండ్లను, పంటల జాబితాను పక్కనపెట్టి ఒకే ప్రశ్న అడిగారు: 2019లో మీ మొత్తం అమ్మకాలు ఎంత? మొదటి 49,999 డాలర్ల వరకు 10.6 శాతం, తర్వాతి శ్రేణులకు 9.9, 9.7, 9.0, పది లక్షలు దాటిన భాగానికి 8.8 శాతం. నలభై వేల డాలర్ల అమ్మకాలున్న రైతుకు 4,240 డాలర్లు. జామ్, పచ్చడి వంటి తయారీ విలువను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. 2020లోనే సేద్యం మొదలుపెట్టినవారికి ఆ సంవత్సరపు అమ్మకాలనే ఆధారం చేశారు. తర్వాత 2018, 2019లలో ఏదో ఒకటి ఎంచుకునే వీలు కల్పించారు.

ఈ సరళతకు మూల్యం లేకపోలేదు. కొలిచింది 2019 అమ్మకాలను గాని 2020 నష్టాన్ని కాదు. కోవిడ్ వల్ల అమ్మకాలు పెరిగిన సభ్యత్వ పద్ధతి రైతుకు కూడా అదే శాతం అందింది. శాస్త్రీయంగా ఇది లోపమే. అయినా నా అభిప్రాయంలో ఈ లోపాన్ని సహించవచ్చు. నష్టాన్ని కచ్చితంగా కొలిచే ఫారం చిన్న రైతు నింపలేనిదైతే, ఆ కచ్చితత్వం కాగితం మీదనే ఉంటుంది.

నికర ఆదాయమా, స్థూల ఆదాయమా

వ్యవసాయ శాఖ వెలుపల కూడా ఇదే కథ నడిచింది. చిన్న వ్యాపారాలు జీతాలు చెల్లించడానికి ఉద్దేశించిన, షరతులు పాటిస్తే మాఫీ అయ్యే పేచెక్ ప్రొటెక్షన్ రుణాన్ని జీతగాళ్లు లేని ఏకవ్యక్తి వ్యాపారాలకు పన్ను పత్రంలోని నికర లాభం ఆధారంగా నిర్ణయించారు. అమెరికా రైతు షెడ్యూల్ ఎఫ్ అనే పత్రంలో యంత్రాల తరుగుదలను తీసివేసిన తర్వాత నికర లాభం తరచుగా సున్నా లేదా రుణాత్మకం. పన్ను తగ్గించుకోవడానికి ఏళ్ల తరబడి నేర్చుకున్న విద్య ఆపదలో ఎదురు తిరిగింది. 2020 డిసెంబరు 27 నాటి చట్టం రైతులకు నికరం బదులు స్థూల ఆదాయాన్ని, గరిష్ఠంగా లక్ష డాలర్ల వరకు ఆధారంగా తీసుకోవచ్చునని చెప్పింది. ఆ మేరకు రుణం 20,833 డాలర్ల వరకు వస్తుంది. నిన్నటివరకు సున్నా అర్హత ఉన్న రైతు ఒక్క పదం మార్పుతో అర్హుడయ్యాడు.

దరఖాస్తు చేసే చోటు కూడా ఒక జల్లెడే. చెల్లింపులు ప్రతి కౌంటీలో ఉండే ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ కార్యాలయాల ద్వారా జరిగాయి. మొక్కజొన్న, సోయాచిక్కుడు రైతుల వివరాలు వాటిలో ఏళ్లుగా ఉన్నాయి. ఎన్నడూ ఆ గడప తొక్కని కూరగాయల రైతు వివరాల పత్రం, ఆదాయ ధ్రువీకరణ, భూ సంరక్షణ నిబంధనల పత్రం మొదలైనవన్నీ కొత్తగా, అదీ కార్యాలయం తలుపులు మూసి ఫోనులో మాత్రమే మాట్లాడుతున్న రోజులలో, సమర్పించవలసి వచ్చింది. 2021 మార్చిలో వ్యవసాయ కార్యదర్శి టామ్ విల్సాక్ వెల్లడించిన వివరం ప్రకారం దాదాపు 2,600 కోట్ల డాలర్లలో నల్లజాతి రైతులకు చేరింది 2.08 కోట్లు, అంటే 0.1 శాతం లోపు. ఉత్పత్తిని, మందను, గత అమ్మకాలను కొలతగా తీసుకున్నప్పుడు తరతరాలుగా భూమి కోల్పోతూ వచ్చినవారికి తక్కువ రావడంలో ఆశ్చర్యం లేదు. పథకంలో జాతి ప్రస్తావన ఎక్కడా లేకపోయినా ఫలితం అలా వచ్చింది.

అక్కడి విశ్వవిద్యాలయాల విస్తరణ విభాగాలు ఈ సమయంలో చేసిన పని మనం గమనించదగినది. రేట్ల పట్టికలను రైతు భాషలోకి మార్చి, ఆన్‌లైన్ సమావేశాలు నిర్వహించాయి, చెల్లింపు లెక్కించుకునే పట్టీలను రూపొందించాయి. దరఖాస్తు స్వీయ ధ్రువీకరణ పద్ధతిలో ఉన్నందున, తర్వాత తనిఖీ జరిగితే చూపవలసిన తూకపు చీటీలు, అమ్మకపు పుస్తకాలు భద్రపరచమని హెచ్చరించాయి.

కోళ్లు ఎవరివి, నష్టం ఎవరిది

ఈ పథకంలో రైతు అంటే ధర నష్టభయాన్ని భరించేవాడు. మన దృష్టిలో ఇది ఎంతో మెచ్చదగిన నిర్వచనం. భూమిని మక్తాకు తీసుకున్న కౌలుదారుకు పంటపై చెల్లింపు మొత్తం అతనికే. పాలుకు చేస్తే పంటలో ఎవరి వాటా ఎంతో చెల్లింపులోనూ అంతే. యజమాని భూమి ఉన్నందుకు మాత్రమే ఏమీ రాదు.

అయితే ఇదే నిర్వచనం కాంట్రాక్టు కోళ్ల రైతును వెలుపల నిలబెట్టింది. షెడ్డు అతనిది, బ్యాంకు అప్పు అతనిది, కరెంటు బిల్లు అతనిది. కోడిపిల్ల, మేత కంపెనీవి. కోడి అతనిది కాదు కనుక ధర నష్టభయం అతనికి లేదని నిబంధన భావించింది. కాని కర్మాగారాలు మందగించినప్పుడు కంపెనీ బ్యాచ్‌ల మధ్య విరామం పెంచింది, పిల్లల సంఖ్య తగ్గించింది. రైతు ఆదాయం పడిపోయింది, వాయిదాలు మాత్రం ఆగలేదు. 2020 డిసెంబరు చట్టం ఈ రైతులకు 100 కోట్ల డాలర్ల వరకు అనుమతించింది. 2019తో పోలిస్తే 2020లో తగ్గిన రాబడిలో 80 శాతం వరకు చెల్లించే విధివిధానాలు 2021 ఆగస్టులో గాని సిద్ధం కాలేదు. మొత్తం పథకంలో నిజంగా జరిగిన నష్టాన్ని కొలిచిన భాగం ఇది. అన్నిటికంటే ఆలస్యంగా వచ్చినదీ ఇదే.

తెలుగు రాష్ట్రాలలో బ్రాయిలర్ పెంపకంలో ఈ పద్ధతి విస్తారంగా ఉన్నదని వేరుగా చెప్పనవసరం లేదు. 2020 ఫిబ్రవరి–మార్చిలో కోడిమాంసం వల్ల వైరస్ వస్తుందన్న పుకారుతో ధర కుప్పకూలినప్పుడు హైదరాబాదులో మంత్రులు వేదికపై కోడిమాంసం తిని చూపించారు. ఆ వార్త అందరికీ గుర్తుంది. షెడ్డు ఖాళీగా పెట్టుకున్న పెంపకందారు నష్టాన్ని ఏ కొలతతో చూడాలన్న ప్రశ్న మాత్రం మన చర్చల్లోకి రాలేదు.

మన చెల్లింపుల కొలత భూమి. తెలంగాణ రైతుబంధు అప్పట్లో సీజనుకు ఎకరానికి 5,000 రూపాయలు, పట్టాదారుకు. కేంద్రపు పీఎం కిసాన్ కుటుంబానికి ఏడాదికి 6,000. 2020 ఏప్రిల్‌లో 2,000 రూపాయల విడతను ముందుగానే జమచేశారు. ఆంధ్రప్రదేశ్ రైతు భరోసా అప్పట్లో కేంద్రం వాటాతో కలిపి 13,500. దీనిలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల కౌలుదారులకు స్థానం కల్పించారు. అయితే 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల కార్డుకు భూయజమాని సమ్మతి కావాలి. భూమిని కొలతగా తీసుకోవడంలో గొప్ప సౌలభ్యం వేగం. అమెరికా రైతు మే చివరలో దరఖాస్తు నింపడం మొదలుపెట్టే నాటికి మన రైతు ఖాతాలో పీఎం కిసాన్ సొమ్ము పడి వారాలు గడిచాయి. ఈ విషయంలో మన పద్ధతిని తక్కువగా చూడనవసరం లేదు. కాని మక్తా కట్టి, నారు పోసి, కూలీలు దొరకని ఆ ఏప్రిల్‌లో కోతలు కోయించిన కౌలుదారుకు ఆ వేగం వల్ల ఒరిగినది స్వల్పం.

తరగతిలో ఈ రెండు దేశాల పద్ధతులను పోల్చినప్పుడు ఒక విద్యార్థిని, అమెరికాలో కౌలుదారు తానే సాగు చేస్తున్నానని ఎలా రుజువు చేసుకుంటాడని అడిగింది. అక్కడ ప్రతి సీజనులో సాగు చేసేవాడే ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీలో విస్తీర్ణ నివేదిక నమోదు చేస్తాడు. అందులో ప్రతి పంటలో ఎవరి వాటా ఎంతో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదుకు ఉద్దేశం కూడా దాదాపు అదే: భూమి ఎవరి పేరున ఉన్నా పొలంలో నిలబడి ఉన్న పంట ఎవరిదో వ్రాసుకోవడం. ఆ ప్రశ్న తర్వాత మా విభాగంలో గ్రామీణ వ్యవసాయ కార్యానుభవానికి వెళ్లే విద్యార్థుల పుస్తకంలో ప్రతి సర్వే నంబరుకు మూడు గడులు చేర్చాము: పట్టాదారు ఎవరు, ఈ-పంటలో సాగుదారుగా ఎవరి పేరు ఉంది, గత సీజనులో ప్రభుత్వ సొమ్ము ఎవరి ఖాతాలో పడింది.